మూడు క్వార్కుల ప్రోటాన్‌ని లెక్కగట్టడం ఎందుకింత కష్టం? అల్గారిథమ్ సంక్లిష్టత ఏం చెబుతుంది?

#1 · చిన్నికణం

అందరికీ నమస్కారం. నాది కంప్యూటర్ సైన్స్. ఫిజిక్స్ ఇష్టం కొద్దీ చదువుతుంటాను. ఒక విషయం చాలా కాలంగా కొరుకుడు పడటం లేదు.

హైడ్రోజన్ పరమాణువులో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. దాని శక్తిస్థాయిలు కాగితం మీదే తేల్చేయొచ్చు. ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. రెండు కణాల నుంచి మూడు కణాలకు వచ్చాం, అంతే కదా. కానీ ప్రోటాన్ ద్రవ్యరాశిని సిద్ధాంతం నుంచి నేరుగా, అన్ని పొరపాట్లూ అదుపులో పెట్టి రాబట్టింది 2008లోనట, అదీ సూపర్ కంప్యూటర్లతో. క్వార్కుల ఆలోచన 1964 నాటిది. క్వార్కుల్ని కలిపి ఉంచే బలాన్ని వివరించే సిద్ధాంతం, క్యూసీడీ, దాని సమీకరణాలు 1973 నాటికే చేతికొచ్చాయి. ఇంత ఆలస్యం ఎందుకు?

నా ప్రశ్న ఇది: ఈ కష్టం ప్రోటాన్‌లోనే ఉందా, మన పద్ధతుల్లో ఉందా? దీని గురించి సంక్లిష్టతా సిద్ధాంతం గట్టిగా ఏమైనా చెప్పగలదా? "ప్రోటాన్ ద్రవ్యరాశి లెక్కించడం ఎన్‌పీ-హార్డ్" అని, అంటే వేగంగా తేల్చే దారి లేదని నమ్మే సమస్యల కోవలోదని, ఒక వీడియోలో విన్నాను. అది నిజమేనా?

#2 · లాటిస్‌లలిత

మంచి ప్రశ్న అండీ. ముందు ఆ "మూడు కణాలు" దగ్గర ఆగుదాం.

అప్ క్వార్కు ద్రవ్యరాశి సుమారు 2.2 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, డౌన్ క్వార్కుది సుమారు 4.7. రెండు అప్‌లు, ఒక డౌన్ కలిపితే 9 దాకా వస్తుంది. ప్రోటాన్ ద్రవ్యరాశి 938.27. అంటే క్వార్కుల సొంత వాటా ఒక్క శాతమే. మిగతా 99 శాతం క్వార్కుల్ని అతికించి ఉంచే గ్లువాన్ల క్షేత్రంలోనూ, లోపల పరుగులు తీసే క్వార్కుల కదలికలోనూ ఉన్న శక్తి. హైడ్రోజన్ పరమాణువులో సంగతి పూర్తిగా వేరు. అక్కడ బంధనశక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. మొత్తం ద్రవ్యరాశిలో అది దాదాపు ఏడు కోట్లలో ఒక వంతు. అందుకే అక్కడ "రెండు కణాలు" అనుకుని లెక్క వేస్తే చక్కగా సరిపోతుంది. ఇక్కడ "మూడు కణాలు" అనుకుంటే 99 శాతం బయటే ఉండిపోతుంది.

1968లో స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్‌లో ఎలక్ట్రాన్లతో ప్రోటాన్‌ని బలంగా ఢీకొట్టినప్పుడు లోపల బిందువుల్లాంటి కణాలున్నట్టు తేలింది. ఆ తర్వాత శక్తి పెంచి చూసేకొద్దీ గ్లువాన్లు, క్వార్కు-ప్రతిక్వార్కు జంటలు ఎక్కువెక్కువగా కనబడ్డాయి. మనం లెక్కగట్టేది ఒక క్షేత్రాన్ని. స్థలకాలంలో ప్రతి బిందువు దగ్గరా దానికి విలువలుంటాయి.

దీనికి దారి చూపించింది కెన్నెత్ విల్సన్, 1974లో. స్థలకాలాన్ని గళ్ల జాలంగా, అంటే లాటిస్‌గా మార్చి, క్షేత్రాన్ని ఆ గళ్ల గీతల మీద పెట్టాడు. లెక్క ఎంత అవుతుందో ఒకసారి చూడండి. ఒక్కో స్థల దిశలో 64, కాల దిశలో 128 బిందువులున్న లాటిస్ తీసుకుందాం. మొత్తం 3,35,54,432 బిందువులు. ఒక్కో బిందువు నుంచి నాలుగు లింకులు. ఒక్కో లింకు మీద 3×3 మాత్రిక, దాన్ని చెప్పడానికి 8 సంఖ్యలు. గుణిస్తే 107 కోట్ల పైచిలుకు సంఖ్యలు. ఇదంతా క్షేత్రానికి సంబంధించిన ఒకే ఒక్క నమూనా! ఇలాంటివి వందలు, వేలు తీసి సగటు చూడాలి. ఒక్కో నమూనాలో క్వార్కు ఎలా ప్రయాణిస్తుందో తెలియాలంటే 40 కోట్ల వరుసలున్న మాత్రికతో సమీకరణాలు సాధించాలి, అదీ పదేపదే. మైఖేల్ క్రొయిట్జ్ 1980 ప్రాంతంలో యాదృచ్ఛిక నమూనాలు తీసే మాంటీ కార్లో పద్ధతితో ఈ పని మొదలుపెట్టినప్పుడు ఒక్కో దిశలో పది బిందువులున్న లాటిస్‌లు, అవీ క్వార్కులు లేకుండా, కంప్యూటర్లకు పట్టేవి. ఆలస్యం అంతా అక్కడుంది.

#3 · నిశాంత

లలిత గారూ, ఇదే నాకు ఆశ్చర్యం. 107 కోట్ల సంఖ్యలు అంటున్నారు. కానీ క్యూసీడీ మొత్తం ఒక్క వాక్యంలాంటి సూత్రంలో పట్టేస్తుంది. ఆ సూత్రం, ఒక బలస్థిరాంకం, ఆరు క్వార్కు ద్రవ్యరాశులు ఇస్తే చాలు. ఇంత పొట్టి నియమం నుంచి వచ్చే వస్తువుని సంక్లిష్టం అనొచ్చా?

#4 · గణనవేది

నిశాంత గారి మాటకి సూటిగా ఒక జవాబుంది.

1960ల్లో సోలొమనాఫ్, కొల్మొగొరోవ్, చైటిన్ ముగ్గురూ విడివిడిగా ఒకే కొలతకి చేరారు. ఒక వస్తువుని పూర్తిగా పుట్టించగల అతి పొట్టి ప్రోగ్రాం పొడవే ఆ వస్తువు సంక్లిష్టత. ఆ కొలతలో క్యూసీడీ చాలా సరళమైనది, ప్రోటాన్ కూడా అంతే. ప్రోగ్రాం పొట్టిదే. కానీ ఈ కొలత ప్రోగ్రాం పొడవునే చూస్తుంది, అది ఎంతసేపు నడవాలో పట్టించుకోదు.

దాన్ని పట్టించుకున్నవాడు చార్లెస్ బెన్నెట్. 1988లో "తార్కిక లోతు" అనే కొలత ప్రతిపాదించాడు. పొట్టి ప్రోగ్రాం ఆ ఫలితం దాకా చేరడానికి ఎంత సమయం తీసుకుంటుందో అదే లోతు. గాలిలో అణువుల గజిబిజికి పొడవాటి వివరణ కావాలి, కానీ దానికి లోతు లేదు: ఉన్నదున్నట్టు అచ్చువేయడమే. ప్రోటాన్‌ది దానికి ఎదురు పరిస్థితి: వివరణ పొట్టిది, మనకి తెలిసినంతలో నడవాల్సిన దారి చాలా పొడుగు. ప్రోటాన్ సంక్లిష్టత గురించి మాట్లాడాలంటే నాకు సరిగ్గా అమరే చట్రం ఇదే.

ఇక ఆ ఎన్‌పీ-హార్డ్ మాట. ఆ వాక్యానికి అర్థమే లేదు, నిజమా అబద్ధమా అన్నది తర్వాత. ఎన్‌పీ-హార్డ్ అన్నది ఒక ప్రశ్నల కుటుంబానికి వర్తిస్తుంది. ఇన్‌పుట్ పెరిగేకొద్దీ సమయం ఎలా పెరుగుతుందన్నది అక్కడి ప్రశ్న. ప్రోటాన్ ఒక్కటే. దాని ద్రవ్యరాశిని నాలుగు అంకెల దాకా చెప్పమంటే "938.3 అని అచ్చువేయి" అనే ప్రోగ్రాం రెప్పపాటులో చెప్పేస్తుంది. సంక్లిష్టతా సిద్ధాంతాన్ని ఇక్కడికి తేవాలంటే ముందు కుటుంబం ఏదో తేల్చుకోవాలి. పరమాణు కేంద్రకంలో కణాల సంఖ్య పెంచుతూ పోతారా? ఢీకొనే గ్లువాన్ల సంఖ్యా? కావాల్సిన అంకెల సంఖ్యా? ఒక్కోదానికి జవాబు ఒక్కోలా ఉంటుంది.

#5 · చిన్నికణం

గణనవేది గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. అయితే ఒక్కో కుటుంబం తీసుకుని చూద్దామా? కేంద్రకంలో కణాలు పెంచుతూ పోతే ఏమవుతుంది?

#6 · లాటిస్‌లలిత

ఇది నా రోజూ పని, కాస్త విపులంగానే రాస్తాను.

లాటిస్ మీద ఒక కేంద్రకాన్ని లెక్కగట్టాలంటే, మొదట్లో పుట్టించిన ప్రతి క్వార్కునీ చివర్లో అదే రకం క్వార్కుతో జతకలపాలి. ఎన్ని రకాలుగా కలపవచ్చో అన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ప్రోటాన్‌లో రెండు అప్‌లు, ఒక డౌన్: 2 రకాలు. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ ఉన్న డ్యూటెరాన్‌లో మూడు అప్‌లు, మూడు డౌన్‌లు: 36. హీలియం-3లో ఐదు అప్‌లు, నాలుగు డౌన్‌లు: 2,880. హీలియం-4లో ఆరూ ఆరూ: 5,18,400. ఇవి క్రమగుణితాల లబ్ధాలు. ఇంకా రంగు, స్పిన్ సూచికలు కలపలేదు. ఇలా పెరుగుతూ పోతే కార్బన్ దగ్గరకి వెళ్లేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

అయితే అసలు పీటముడి అది కాదని నా అభిప్రాయం. 2012లో తకుమి దోయ్, మైఖేల్ ఎండ్రెస్, ఇంకొందరు ఈ జతల్లో ఒకేలాంటివాటిని ముందే గుంపులు కట్టి పని విపరీతంగా తగ్గించారు. అసలు బాధ సందడితో, అంటే నాయిస్‌తో. 1984లో పరీసి, 1989లో లెపాజ్ దీని మూలం చూపించారు. న్యూక్లియాన్ (అంటే ప్రోటాన్ లేదా న్యూట్రాన్) సంకేతం కాలంతో పాటు తగ్గిపోతుంది, దాని ద్రవ్యరాశికి తగ్గట్టు. సందడి వర్గం మాత్రం మూడు పయాన్లకి (క్వార్కు-ప్రతిక్వార్కు జంటలైన తేలిక కణాలకి) తగ్గట్టు, అంటే సందడి ఒకటిన్నర పయాన్లకి తగ్గట్టు, చాలా నెమ్మదిగా తగ్గుతుంది. కారణం ఏమిటంటే, సందడి వర్గాన్ని కొలిచేది సంకేతపు వర్గం. ఆ వర్గంలో మూడు క్వార్కులు, మూడు ప్రతిక్వార్కులు ఉంటాయి. అవి ఒక ప్రోటాన్, ఒక ప్రతిప్రోటాన్‌గా ఉండటం కంటే మూడు తేలికైన పయాన్లుగా సర్దుకోవడానికే మొగ్గు చూపుతాయి.

లెక్క వేసి చూడండి. న్యూక్లియాన్ 939, పయాన్ సుమారు 138. 939 నుంచి ఒకటిన్నర పయాన్లు తీసేస్తే 732 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు మిగులుతాయి. దీని ప్రకారం లాటిస్‌లో కాల దిశలో ఒక్క ఫెర్మీ (దాదాపు ప్రోటాన్ సైజంత) ముందుకెళ్తే సంకేతానికీ సందడికీ ఉన్న నిష్పత్తి సుమారు 40 రెట్లు పడిపోతుంది. దాన్ని తిరిగి రాబట్టాలంటే నమూనాలు 1,600 రెట్లు కావాలి. ఇది ఒక్క న్యూక్లియాన్‌కి! నాలుగు న్యూక్లియాన్లుంటే ఘాతాంకం నాలుగింతలవుతుంది. ఇది సూత్రం పొడవులో కనబడదు, కోడ్‌లోనూ కనబడదు. గ్రాఫ్ గీసినప్పుడు కనబడుతుంది: మొదటి కొన్ని బిందువులు చక్కగా గీత మీద ఉంటాయి, తర్వాత ఎర్రర్ బార్లు పైకీ కిందికీ సాగిపోయి గీత ఎటు పోయిందో తెలియదు.

#7 · గణనవేది

లలిత గారు ఇచ్చిన సంఖ్యల గురించి ఒక మాట. పదాల సంఖ్య క్రమగుణితంలో పెరిగినంత మాత్రాన సమస్య కష్టమైనదని తీర్మానించకూడదు.

నిర్ధారకాన్ని తీసుకోండి, మనం ఇంటర్‌లో నేర్చుకున్నదే. 20 వరుసల నిర్ధారకాన్ని విస్తరించి రాస్తే పదాలు 20 క్రమగుణితం, అంటే సుమారు 24,300 కోట్ల కోట్లు. అయినా గాస్ విలోపన పద్ధతితో కొన్ని వేల గుణకారాల్లో పని అయిపోతుంది. అవే పదాలు, అన్నిటికీ కూడిక గుర్తే పెడితే దాన్ని పర్మనెంట్ అంటారు. 1979లో లెస్లీ వాలియంట్ దాన్ని లెక్కించడం షార్ప్-పీ (జవాబులు ఎన్నో లెక్కపెట్టే సమస్యలు) తరగతిలో అతి కష్టమైన సమస్యలతో సమానమని నిరూపించాడు. ఒక్క గుర్తు తేడా, ఇటు సులువు, అటు దుర్లభం.

ఫిజిక్స్‌లో ఇది సూటిగా కనబడుతుంది. ఒకదానితో ఒకటి చర్య జరపని ఫెర్మియాన్లు (ఎలక్ట్రాన్ లాంటివి) నిర్ధారకాన్నిస్తాయి, బోసాన్లు (కాంతి కణాల్లాంటివి) పర్మనెంట్‌నిస్తాయి. 2011లో ఆరన్‌సన్, ఆర్కిపోవ్ ప్రతిపాదించిన బోసాన్ శాంప్లింగ్‌కి పునాది ఇదే. క్వార్కులు ఫెర్మియాన్లు కావడం వల్లే లాటిస్ మీద వాటిని నిర్ధారకంగా మడిచి పెట్టగలుగుతున్నారు.

#8 · పరిక్షేపం

దీనికి తోడుగా నా వైపు నుంచి ఒక ఉదాహరణ. చిన్నికణం గారు అడిగిన "కష్టం వస్తువులో ఉందా, పద్ధతిలో ఉందా" అన్నదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు.

రెండు గ్లువాన్లు ఢీకొని కొన్ని గ్లువాన్లు బయటికొస్తాయి. ఫైన్‌మన్ చిత్రాలతో (చర్య జరిగే ఒక్కో దారినీ చూపే బొమ్మలతో), లూపులు లేకుండా అతి సరళమైన స్థాయిలోనే లెక్కిద్దాం. బయటికి రెండొస్తే 4 చిత్రాలు. మూడొస్తే 25. నాలుగొస్తే 220. ఐదొస్తే 2,485. ఆరొస్తే 34,300. ఎనిమిదొస్తే 1,05,25,900. ఒక్కో చిత్రం విప్పితే పేజీలకొద్దీ పదాలు.

1980ల మధ్యలో స్టీఫెన్ పార్క్, టొమాస్ టేలర్ ఆ 220 చిత్రాల లెక్కని అష్టకష్టాలు పడి పూర్తిచేశారు. 1986లో, గ్లువాన్ల స్పిన్ దిశలు ఒక ప్రత్యేక అమరికలో ఉన్నప్పుడు, ఎన్ని గ్లువాన్లకైనా సరిపోయే ఫలితాన్ని ఒకే ఒక్క పంక్తిలో ఊహించి రాశారు. 1988లో బెరెండ్స్, గీలె దాన్ని నిరూపించారు. వాళ్ల పద్ధతిలో చిన్న ముక్కల ఫలితాన్ని దాచుకుని పెద్ద ముక్కలకి వాడతారు, మీ భాషలో డైనమిక్ ప్రోగ్రామింగ్. దాంతో మిగతా స్పిన్ అమరికలకి కూడా, రంగుల వరుస ఒకటి నిర్ణయించుకుంటే, పని బహుపదిలోకి (ఘాతీయం కన్నా చాలా మెల్లగా పెరిగే స్థాయికి) దిగింది. రంగుల వరుసలన్నీ కూడాలంటే మళ్లీ క్రమగుణితమే, కానీ దాన్ని యాదృచ్ఛిక నమూనాలతో నెట్టుకురావచ్చు. 2004-05లో వచ్చిన బ్రిట్టో, కచాజో, ఫెంగ్, విట్టెన్‌ల పద్ధతి దాన్ని ఇంకా చక్కబరిచింది.

కోటి చిత్రాల కష్టం గ్లువాన్లలో ఎప్పుడూ లేదు. అది చిత్రాల్లోనే ఉంది. ఒక్కో చిత్రం విడిగా చూస్తే ప్రకృతిలో లేని చెత్తంతా మోస్తుంది, కూడిక చివర్లో అది రద్దయిపోతుంది. అందుకే "ఇది కష్టం" అని ఎవరైనా అంటే, ఏ భాషలో రాస్తే కష్టం అని నేను ముందు అడుగుతాను.

#9 · నిశాంత

పరిక్షేపం గారి పోస్టు రెండుసార్లు చదివాను, నాకు బాగా నచ్చింది. కానీ ఇంకో సందేహం. ప్రోటాన్ తనని తాను "లెక్కించుకోవడానికి" సమయమే తీసుకోదు కదా. మనకి ఘాతీయ సమయం పట్టే పనిని ప్రకృతి ఇట్టే చేసేస్తోంది. అంటే ప్రకృతి ఎన్‌పీ-హార్డ్ సమస్యల్ని సాధిస్తోందని అనుకోవచ్చా?

#10 · క్యూబిట్‌కవిత

అలా అనుకోవడానికి ఆధారం లేదండీ. అది రెండు చోట్ల తెగిపోతుంది.

ఒకటి, నిజంగా కష్టమైన సందర్భాల్లో ప్రకృతి కూడా అడుగుకి చేరదు. 1982లో ఫ్రాన్సిస్కో బరహోనా త్రిమితీయ స్పిన్ గ్లాస్ (అయస్కాంత స్పిన్‌లు గజిబిజిగా ముడిపడిన పదార్థం) అత్యల్ప శక్తిస్థితిని కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్ అని చూపించాడు. నిజమైన స్పిన్ గ్లాస్ పదార్థాలు చల్లబరిస్తే అత్యల్ప స్థితికి చేరకుండా మధ్యలోనే చిక్కుకుపోతాయి. ప్రోటాన్ అలా చిక్కుకోదు, హాయిగా తన భూస్థితిలో, అంటే అత్యల్ప శక్తిస్థితిలో, ఉంటుంది. దాన్ని బట్టి అది కష్టమైన ఉదాహరణ కాకపోవచ్చనే సూచన వస్తుంది.

రెండు, ప్రకృతి క్వాంటమ్ నియమాలతో నడుస్తుంది కాబట్టి పోలిక పెట్టాల్సింది క్వాంటమ్ కంప్యూటర్‌తో. 1980ల మొదట్లో ఫైన్‌మన్ చెప్పింది అదే. 2012లో జోర్డన్, లీ, ప్రెస్కిల్ ఒక సరళమైన క్షేత్రసిద్ధాంతంలో కణాల తాకిడిని క్వాంటమ్ కంప్యూటర్ బహుపది సమయంలో అనుకరించగలదని అల్గారిథమ్ ఇచ్చారు. కణాల సంఖ్య, శక్తి, కావాల్సిన ఖచ్చితత్వం, మూడింటిలోనూ బహుపదే. తర్వాత 2018లో క్రోవీతో కలిసి దాని రెండో వైపూ చూపించారు: బాహ్య క్షేత్రాలను మనకి కావాల్సినట్టు మార్చుకునే వీలుంటే, ఆ తాకిడి ఫలితం చెప్పడం క్వాంటమ్ కంప్యూటర్ చేయగల ఏ పనికైనా సాటివస్తుంది. కాబట్టి మామూలు కంప్యూటర్‌తో దాన్ని వేగంగా చేసే దారి దొరుకుతుందని ఎవరూ ఆశించడం లేదు.

ప్రయోగాలు ఇంకా తొలి అడుగుల్లోనే ఉన్నాయి. 2016లో ఇన్స్‌బ్రుక్ బృందం నాలుగు అయాన్లతో ఏకమితీయ విద్యుత్ క్షేత్రసిద్ధాంతంలో కణ-ప్రతికణ జంటలు పుట్టడాన్ని అనుకరించింది. అక్కడి నుంచి క్యూసీడీకి చాలా దూరం.

#11 · చిన్నికణం

కవిత గారూ, "సైన్ ప్రాబ్లమ్" ఎన్‌పీ-హార్డ్ అని కూడా చదివాను. ఆ వీడియోలో చెప్పింది దీని గురించేనా?

#12 · లాటిస్‌లలిత

బహుశా అదే అయి ఉంటుంది. దీన్ని కాస్త విడదీసి చూడాలి.

మాంటీ కార్లోలో ప్రతి నమూనాకీ ఒక బరువు ఉంటుంది, దాన్ని సంభావ్యతగా వాడతాం. శూన్యంలో ఒక్క ప్రోటాన్ లెక్కకి ఆ బరువులు ధనాత్మకం, ఇబ్బంది లేదు. న్యూట్రాన్ నక్షత్రం లోపలిలాగా పదార్థం కిక్కిరిసి ఉంటే నిర్ధారకం సంకీర్ణ సంఖ్య అయిపోతుంది, బరువులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. లారీని కాగితంతో ఒకసారి, కాగితం లేకుండా ఒకసారి తూచి, కాగితం బరువు చెప్పమన్నట్టు ఉంటుంది. ఘనపరిమాణం పెరిగేకొద్దీ మిగిలే తేడా ఘాతీయంగా చిన్నదవుతుంది. అందుకే ఆ నక్షత్రాల గర్భంలో పీడనం ఎంతో క్యూసీడీ నుంచి నేరుగా రాబట్టలేకపోతున్నాం.

2005లో మథియాస్ ట్రోయర్, ఊవె-యెన్స్ వీసె చూపించినదేంటంటే, ఏ వ్యవస్థకైనా పనిచేసే సర్వరోగనివారిణిలాంటి పరిష్కారం దొరికితే, దాంతో కవిత గారు చెప్పిన స్పిన్ గ్లాస్ సమస్యా తేలిపోతుంది, అంటే పీ (వేగంగా సాధించగల సమస్యలు), ఎన్‌పీ (జవాబిస్తే వేగంగా సరిచూడగల సమస్యలు) ఒకటైపోతాయి. ఇందులో క్యూసీడీకి పరిష్కారం లేదని ఎక్కడా లేదు. అంతకుముందు 1999లోనే శైలేష్ చంద్రశేఖరన్, ఇదే వీసె కలిసి కొన్ని వ్యవస్థలకి సైన్ ప్రాబ్లమ్‌ని పూర్తిగా తొలగించారు. ఈ ఫలితాన్ని "ఇక ఆశ వదులుకోండి" అని చదివేవాళ్లంటే నాకు బాధగా ఉంటుంది. క్యూసీడీకే ప్రత్యేకమైన నిర్మాణాన్ని వాడుకోండి అని అది చెబుతోంది.

#13 · చిన్నికణం

ఇక మిగిలింది అంకెల కుటుంబం. నాకు అన్నిటికంటే ఆసక్తి దీనిమీదే. ప్రోటాన్ ద్రవ్యరాశిలో ఇంకో అంకె కావాలంటే ఎంత ఖర్చు?

#14 · గణనవేది

ప్రశ్నని ఇంకొంచెం శుభ్రం చేద్దాం. ప్రోటాన్ ద్రవ్యరాశి క్వార్కు ద్రవ్యరాశుల మీద ఆధారపడుతుంది, వాటిని ప్రయోగం నుంచి తెచ్చుకోవాలి. అందుకని క్వార్కులే లేని, ఒట్టి గ్లువాన్లున్న సిద్ధాంతం తీసుకుందాం. అందులోని కణాలు గ్లూబాల్స్, గ్లువాన్లే ముద్దకట్టిన కణాలు. అతి తేలికైన రెండింటి ద్రవ్యరాశుల నిష్పత్తి సుమారు 1.4 అని లాటిస్ లెక్కలు చెబుతున్నాయి. ఈ నిష్పత్తిలో బయటి నుంచి తెచ్చుకునే స్థిరాంకం ఒక్కటీ లేదు. పై (π) లాగే అది శుద్ధమైన గణిత సంఖ్య.

ఇప్పుడు మూడు సంఖ్యల్ని పక్కపక్కన పెట్టండి. పై: ప్రోగ్రాం పొట్టిది, వేగం కూడా ఎక్కువే. పది రెట్లు అంకెలు కావాలంటే పది రెట్ల కన్నా కాస్త ఎక్కువ పని. చైటిన్ నిర్వచించిన ఒమేగా, అంటే యాదృచ్ఛికంగా ఎంచుకున్న ప్రోగ్రాం ఆగిపోయే సంభావ్యత: నిర్వచనం స్పష్టంగా ఉంది, కానీ దాని అంకెల్ని ఏ ప్రోగ్రామూ వరసగా ఇవ్వలేదు. గ్లూబాల్ నిష్పత్తి ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంది. ఎక్కడ ఉందో చెప్పగలిగితే, "కణనిర్మాణం ఎంత లోతైనది" అన్నదానికి అసలైన జవాబు దొరికినట్టే.

#15 · లాటిస్‌లలిత

ఇప్పటి పద్ధతుల్లో ఖర్చు నేను చెబుతాను. మామూలుగా లాటిస్ గడి వెడల్పు వల్ల వచ్చే దోషం ఆ వెడల్పు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఒక అంకె పెరగాలంటే దోషం పదో వంతుకి తగ్గాలి, గడి 3.16 రెట్లు చిన్నదవ్వాలి. నాలుగు దిశలు కాబట్టి బిందువులు 100 రెట్లు. మాంటీ కార్లో దోషం కూడా పదో వంతుకి తగ్గాలంటే నమూనాలు 100 రెట్లు. కలిపితే అంకెకి కనీసం 10,000 రెట్లు. గడి చిన్నదయ్యేకొద్దీ కొత్త నమూనా పుట్టడమే నెమ్మదిస్తుంది, దాన్ని ఇందులో కలపలేదు. దోషాలు వేగంగా తగ్గే మెరుగైన రూపాలున్నాయి, వాటితో మొదటి వంద కాస్త తగ్గుతుంది. కానీ అంకెల సంఖ్యతో పోలిస్తే ఎదుగుదల ఘాతీయమే. మేమంతా ఒక శాతం, అర శాతం, ఇంకొంచెం అంటూ కష్టపడుతున్నది అందుకే.

#16 · పరిక్షేపం

గ్లూబాల్‌కి పై లాంటి అదృష్టం పట్టదని ముందే అనుకోనవసరం లేదు. తక్కువ మితుల్లో చూడండి. 1962లో జూలియన్ ష్వింగర్ ఒక స్థల దిశ, ఒక కాల దిశ మాత్రమే ఉన్న ప్రపంచంలో, ద్రవ్యరాశి లేని ఎలక్ట్రాన్లతో విద్యుత్ సిద్ధాంతాన్ని పూర్తిగా సాధించాడు. అక్కడ కణం, ప్రతికణం విడివిడిగా కనబడవు, ప్రోటాన్‌లో క్వార్కుల్లాగే బందీలు. వాటి జంట ద్రవ్యరాశి ఎంతో తెలుసా? విద్యుదావేశాన్ని పై వర్గమూలంతో భాగిస్తే వచ్చేదే! అంతే, ఒక్క భాగహారం. లాటిస్ మీద దాన్ని అంకె అంకెగా తవ్వుకుంటూ పోయే మనిషికి ఎంత కష్టంగా కనబడేదో, సూత్రం దొరికాక ఎన్ని అంకెలైనా క్షణాల్లో.

1974లో టూఫ్ట్ అదే రెండు మితుల్లో, రంగుల సంఖ్యని అనంతానికి తీసుకెళ్లి, మీసాన్ల (క్వార్కు-ప్రతిక్వార్కు జంటల) ద్రవ్యరాశుల్ని ఒక సమాకలన సమీకరణంలోకి దింపాడు. అక్కడ ఒక్క పంక్తి జవాబు లేదు, కానీ చిన్న కంప్యూటర్ మీద కూడా ఎంతో ఖచ్చితంగా తేల్చొచ్చు. నాలుగు మితుల్లో ఇంకా అలాంటిదేదీ దొరకలేదు. నేను వెతకడం మానను.

#17 · క్యూబిట్‌కవిత

ఏకమితీయ వ్యవస్థల గురించి నిరూపణే ఉంది కదా. 2007లో హేస్టింగ్స్, భూస్థితికీ తర్వాతి స్థితికీ మధ్య శక్తి అంతరం ఉన్న ఏకమితీయ వ్యవస్థల భూస్థితిలో చిక్కుముడి, అంటే ఎంటాంగిల్‌మెంట్, పరిమితంగానే ఉంటుందని చూపించాడు. 2015లో లాండౌ, వజిరాని, విడిక్ ఆ భూస్థితిని మామూలు కంప్యూటర్‌తోనే బహుపది సమయంలో కనుక్కునే అల్గారిథమ్ ఇచ్చారు. ష్వింగర్ నమూనా వర్ణపటాన్ని టెన్సర్ నెట్‌వర్కులతో (క్వాంటమ్ స్థితిని చిన్న ముక్కలుగా విడగొట్టి రాసే పద్ధతితో) లెక్కించినవాళ్లూ ఉన్నారు, ఫలితాలు చాలా ఖచ్చితంగా వచ్చాయి. కాబట్టి కనీసం ఏకమితీయంలో అంకెల ప్రశ్న తేలిపోయినట్టేనా?

#18 · గణనవేది

అక్కడే ఒక తిరకాసు ఉంది కవిత గారూ. ఆ సిద్ధాంతానికి శక్తి అంతరం స్థిరంగా ఉండాలి. క్షేత్రసిద్ధాంతంలో మనం గడి వెడల్పుని సున్నా వైపు తీసుకెళ్తాం. కణం ద్రవ్యరాశి మారదు, కానీ గడి కొలతల్లో చూస్తే ఆ అంతరం సున్నా వైపు జారిపోతుంది. అంకెలు పెరిగేకొద్దీ సిద్ధాంతం అడిగే షరతే పలచబడుతుంది. ఆచరణలో టెన్సర్ నెట్‌వర్కులు అద్భుతంగా పనిచేస్తున్నాయి, నిజమే. కానీ ఆ నిరూపణని ఉన్నదున్నట్టు ఇక్కడ వాడలేం.

#19 · నిశాంత

అయితే సూటిగా అడుగుతాను. ఆ గ్లూబాల్ నిష్పత్తి అసలు లెక్కించదగిన సంఖ్యేనని నిరూపణ ఉందా? ఒమేగా వైపు పడే అవకాశం లేదా?

#20 · గణనవేది

నిరూపణ లేదు. లెక్కించదగినది అనాలంటే, ఇంత చిన్న గడి తీసుకుంటే దోషం ఇంతకు మించదు అనే హామీ కావాలి. నాలుగు మితుల్లో యాంగ్-మిల్స్ సిద్ధాంతం (ఈ ఒట్టి గ్లువాన్ల సిద్ధాంతం లాంటిది) గణితపరంగా నిలబడుతుందని, అందులో ద్రవ్యరాశి అంతరం ఉందని, అంటే అతి తేలికైన కణానికీ సున్నా కాని ద్రవ్యరాశి ఉందని ఇంకా ఎవరూ నిరూపించలేదు. 2000లో క్లే సంస్థ ఒక్కోదానికి పది లక్షల డాలర్లు ప్రకటించిన ఏడు సమస్యల్లో ఇదొకటి. పీ, ఎన్‌పీ ప్రశ్న కూడా అదే జాబితాలో ఉంది.

భయపెట్టే ఫలితం ఒకటుంది. 2015లో టోబీ క్యూబిట్, పెరెజ్-గార్సియా, వుల్ఫ్ ద్విమితీయ స్పిన్ వ్యవస్థల్లో శక్తి అంతరం ఉందా లేదా అని తేల్చే అల్గారిథమ్ ఉండదని నిరూపించారు. 2020లో క్యూబిట్, పెరెజ్-గార్సియా ఇంకొందరితో కలిసి దాన్ని ఏకమితీయానికీ తీసుకొచ్చారు. కానీ వాళ్లు వాడిన వ్యవస్థల్లో ట్యూరింగ్ యంత్రాన్ని (కంప్యూటర్‌కి గణిత నమూనాని) పనిగట్టుకుని దాచిపెట్టారు. మళ్లీ అదే కుటుంబం, వ్యక్తి తేడా. యాంగ్-మిల్స్ ఒక్క సిద్ధాంతం, దానికి గొప్ప సౌష్ఠవం ఉంది, లాటిస్ లెక్కల్లో గడి చిన్నదయ్యేకొద్దీ జవాబులు బుద్ధిగా ఒకచోటికి చేరుతున్నాయి. అది ఒమేగాలా ప్రవర్తిస్తుందని నేను అనుకోను. నా అంచనా ఏంటంటే, అది లెక్కించదగినదే, ఇప్పటి ఘాతీయ ఖర్చు కూడా చివరి మాట కాదు. ఆ హామీని మొదట ఎవరైనా చిన్న గడి దోషానికి అయినా రాయగలిగితే, చిన్నికణం గారు మొదటి పోస్టులో అడిగినదానికి సంక్లిష్టతా సిద్ధాంతం నుంచి తొలిసారి ఒక సంఖ్యతో జవాబు చెప్పొచ్చు.

#21 · చిన్నికణం

అందరికీ చాలా థ్యాంక్స్. నేను ష్వింగర్ నమూనాతో మొదలుపెడతాను. ముందు జవాబు తెలిసిన చోట, గడి వెడల్పు తగ్గిస్తూ ఒక్కో అంకెకి ఎంత సమయం పడుతోందో లాటిస్‌తోనూ టెన్సర్ నెట్‌వర్కుతోనూ కొలిచి, రెండు గ్రాఫులూ ఇక్కడే పెడతాను. లలిత గారూ, మొదటి కోడ్‌కి ఎన్ని బిందువులతో మొదలుపెట్టమంటారు?

#22 · లాటిస్‌లలిత

రెండు దిశల్లోనూ 16 చొప్పున చాలు, ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. క్వార్కులకి బదులు అక్కడ ఎలక్ట్రాన్లు కాబట్టి లింకు మీద మాత్రిక ఉండదు, ఒక కోణం సరిపోతుంది. ద్రవ్యరాశి సున్నా దగ్గర మొదలుపెట్టకండి, సమీకరణాలు సాధించే భాగం అక్కడ మొరాయిస్తుంది. కొంచెం ద్రవ్యరాశి పెట్టి, రెండు మూడు విలువల దగ్గర లెక్కించి, సున్నాకి పొడిగించండి. గ్రాఫులు పెట్టేటప్పుడు ఎర్రర్ బార్లు తప్పకుండా చూపించండి.